తెల్వదన్న పిల్ల

నాకు ముక్కు మీద కోపం. ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. మా ఆయన అయితే, "నీ కోపం ముక్కు దాకా ఎక్కక్కర్లేదు, పెదాల మీదే కాపురం ఉంటుంది" అంటారు. ఆయన అలా అన్నందుకు కూడా నాకు కోపం వచ్చింది.

నా చదువు భాషాశాస్త్రం. మాది కృష్ణకు అవతలి ఊరు. పెళ్లయ్యాక శంషాబాద్‌లో కిరాయి ఇంట్లో దిగినవాళ్లం, ఇక్కడే ఉండిపోయాం. ఇక్కడ ఉంటూనే ఉపన్యాసాల్లో అంతరార్థం మీద పరిశోధన చేశాను. వేదికెక్కిన మనిషి పైకి ఒకటి చెబుతూ లోపల ఇంకొకటి ఎలా అందిస్తాడు, కింద కూర్చున్నవాళ్లు దాన్ని ఎలా పట్టుకుంటారు అన్నది నా విషయం. మా ఇంటి ఓనరుకు ఈ ముక్క చెబితే ఆయన చాలాసేపు నన్ను జాలిగా చూశాడు. "మేడం, వాళ్లు మైకు పట్టుకుంటే మేము పావుగంట కూసోలేం. మీరు ఏండ్లకేండ్లు ఇన్నరా? గదేం ఖర్మ?" అన్నాడు.

ఖర్మో, సరదానో, విన్నాను. వినాయక మండపాల్లో, బడి వార్షికోత్సవాల్లో, పదవీ విరమణ సభల్లో రికార్డరు పట్టుకుని మొదటి వరుసలో కూర్చున్నాను. "సమయాభావం వల్ల రెండే రెండు మాటలు" అన్నారంటే మంచినీళ్ల సీసా దగ్గర పెట్టుకోవాలని నేర్చుకున్నాను. "మన రిటైరవుతున్న సారు ముక్కుసూటి మనిషి" అన్నారంటే ఆఫీసులో ఆయనతో కలిసి అన్నం తిన్నవాడు లేడన్నమాట. "పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక దాత" అంటూ ఒకే మనిషి వైపు మూడుసార్లు చూస్తారు, అందరూ ఆయన వైపే తిరిగి చప్పట్లు కొడతారు. ఇవన్నీ వరసపెట్టి రాస్తే డాక్టరేటు ఇచ్చారు. అప్పటి నుంచి, ఎవరు ఏం మాట్లాడినా లోపల ఏముందో నాకు ఇట్టే తెలిసిపోతుందని ఒక గర్వం పట్టుకుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు మన పెద్దలు.

ఆ తర్వాత నన్ను పిల్లల పని మీద వేశారు. ఐదేళ్ల పిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారు, ఇంట్లో ఎన్ని, బడిలో ఎన్ని అని చూసే పరిశోధన. నలభై బొమ్మల కార్డులు తయారు చేశాం. కోడి, నిచ్చెన, తాళం, చీపురు, బావి, ఇలాంటివి. ఒక్కో బొమ్మ చూపించి పేరు అడగాలి, పిల్ల చెప్పింది కాగితం మీద రాసుకోవాలి. మేమేం అమాయకులం కాదు. గేదె అన్నా బర్రె అన్నా ఒప్పే, వేరుశనగ అన్నా పల్లీ అన్నా ఒప్పే అని ముందే రాసిపెట్టుకున్నాం. యాస వల్ల ఏ పిల్లకూ మార్కు పోకూడదని నేనే పట్టుబట్టాను. పరిశోధన ప్రణాళిక మొదటి పేజీలో ఇంకో వాక్యం కూడా నేనే రాశాను: "పెద్దల మాటలో అంతరార్థం ఉంటుంది, పిల్లల మాట పైకి కనిపించేదే." ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను.

నాకు వచ్చిన బడి, విమానాశ్రయం ప్రహరీకి అవతల శ్రీశైలం రోడ్డు వైపు ఉన్న ఊళ్లో చిన్న ప్రైవేటు బడి. విమానం దిగేటప్పుడు అక్కడ అందరూ మాట మధ్యలో ఆగిపోతారు. అది దాటాక ఆగిన అక్షరం నుంచే మళ్లీ మొదలుపెడతారు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు, క్లిప్పులో కాగితాలు పెట్టుకుని స్కూటీ మీద వెళ్లేదాన్ని. పిల్లలు బాగానే చెప్పారు. ఒకడు బావి బొమ్మ చూసి, అందులో వాళ్ల బాబాయి చెప్పు పడిన కథంతా చెప్పాడు.

చివరగా వచ్చింది ఆ పిల్ల. రెండు పిలకలు, ఎర్ర రిబ్బన్లు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. కోడి బొమ్మ చూపించాను.

"చెప్పమ్మా, భయపడకు. ఇది ఏమిటి?"

కోడిని చూసింది. నా కాగితాన్ని చూసింది. "తెల్వది" అంది.

నిచ్చెన. "తెల్వది." తాళం. "తెల్వది." భయం లేదు, బెరుకు లేదు, గొంతు ఖంగుమంటోంది. నలభై బొమ్మలకూ నలభై సార్లు తెల్వదని చెప్పి, "పోవచ్చా మేడం?" అని అడిగి, చక్కా పోయింది. నేను సున్నా వేశాను. వేరే ఊళ్లలో మావాళ్లకు ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు తగిలారు, వాళ్లకు నిజంగానే మాట ఆలస్యం. ఈ పిల్ల కూడా అంతే అనుకున్నాను. నలభై సార్లు ఒకే జవాబు, అదీ అంత ధీమాగా చెప్పిందంటే ఏదో ఉందని రవ్వంతైనా తోచాలి కదా! తోచలేదు. ఉపన్యాసాల్లో డాక్టరేటు ఉన్నదాన్ని కదా, పిల్లల మాటలకు నా చెవులు వంగలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ బడి పెద్దమేడం, "మా పిల్లలు ఎట్ల చేసిన్రు మేడం, లిస్టు జర ఇయ్యరాదూ?" అని అడిగింది. ఆ కాగితాలు బయటికి ఇవ్వకూడదని నియమం. కానీ ఆమె నన్ను "డాక్టరమ్మా" అని పిలిచింది, చాయ్ తెప్పించింది, నా పరిశోధన గురించి శ్రద్ధగా విన్నది. ఉబ్బిపోయి ఒక కాపీ చేతిలో పెట్టాను. ఆ తప్పు నాదే, ఇంకెవరి మీదా తోయలేను.

వేసవి సెలవుల్లో ఒకరోజు నాకు ఫోన్ వచ్చింది. ఆ పిల్ల తల్లి. విమానాశ్రయంలో నేలలు తుడిచే పని చేస్తుంది, షిఫ్టు డ్యూటీ. నా నంబరు పెద్దమేడం దగ్గర తీసుకుందట.

"మేడం, మా బిడ్డకు మాటలు రావని మీరు రాసిచ్చిన్రంట. ఫస్టు క్లాసుకు తోలరంట. ఇంకో ఏడాది చిన్న పిల్లల్లనే కూసుండవెడ్తరంట. మాటల డాక్టరుకు జూపియ్యాలంటున్నరు. మా అత్తమ్మనేమో ముసల్దాయె, నా పెనిమిటి లారీ మీద పోతడు. డాక్టరు చుట్టు తిరగాలంటే నేనే తిరగాలె. డ్యూటీ బందు పెడ్త ఇగ."

"ఇంట్లో మాట్లాడుతుందా?" అని అడిగాను.

"మాట్లాడ్తది మేడం. కానీ నేను ఇంట్ల ఉండేది ఎంత? కాయిదం మీద సున్నా అని రాసినంక నా చెవులు ఏం లెక్క?" అంది. మళ్లీ తనే, "నేను డ్యూటీకి పోవట్టే బిడ్డ గిట్లయిందని వాడకట్టంతా అంటున్రు" అంది.

మొదట నాకు పెద్దమేడం మీద కోపం వచ్చింది. ఆమెకు ఫోన్ చేసి కడిగేశాను. ఆమె నిదానంగా, "మీరే కద మేడం రాసింది?" అంది. ఫోన్ పెట్టేసి మంచినీళ్లు తాగి కూర్చున్నాను. ఇంకెవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, ఉల్లిపాయలు తరుగుతున్న మా ఆయన మీద అరిచాను. ఆయన, "వెళ్లి ఆ పిల్లను చూసి రారాదూ?" అన్నారు. అంత తేలికైన సంగతి నాకు తట్టనందుకు ఇంకో నాలుగు తిట్టాను.

మర్నాడు పొద్దున బయల్దేరాను. ఆ విసురులో గుర్తింపు కార్డు, అట్ట, కాగితాలు అన్నీ ఇంట్లోనే మర్చిపోయాను. ఆ పిల్ల ఇల్లు ఊరి చివరి వాడకట్టులో ఉంది. ఆ వాడకట్టు నుంచి ఆ బడికి వెళ్లేది ఆ పిల్ల ఒక్కతే, మిగతావాళ్లు వేరే బడికి పోతారని దారిలో ఎవరో చెప్పారు. స్కూటీ ఆపి, హెల్మెట్ తియ్యకుండానే ఆ ఇంటి ప్రహరీ మలుపు దగ్గర నిలబడ్డాను. లోపల నుంచి ఒక గొంతు వినిపించింది. ఖంగుమనే గొంతు.

"గీ కోడి ఎవలది?"

"తెల్వది" అని నలుగురైదుగురు పిల్లల కోరస్.

"గీ నిచ్చెన ఎవలది? గా తాళం ఎవలు ఏసిన్రు? బాయి ఎన్ని గజాలున్నది? చీపిరి ఎన్ని పుల్లలు?"

"తెల్వది! తెల్వది!"

మెల్లగా తొంగిచూశాను. ఎర్ర రిబ్బన్ల పిల్ల చేతిలో చిరిగిన అట్టముక్క పట్టుకుని, మెడలో తాడుకు అగ్గిపెట్టె కట్టుకుని పచార్లు చేస్తోంది. ఎదురుగా వరసగా కూర్చున్న పిల్లలు ఏమడిగినా తెల్వదనే చెప్పాలి. నవ్వినా, నోరు జారి నిజం చెప్పినా ఆట అవుట్. ఆ పిల్ల వాళ్లను నవ్వించడానికి చేయని వేషం లేదు. విమానం పోతుంటే వేలు పైకెత్తి ఆగింది. అది దాటగానే గొంతు సన్నగా చేసి, కృష్ణకు అవతలి యాసలో, "చెప్పమ్మా, భయపడకు. ఇది ఏమిటి?" అంది. పిల్లలు పడీపడీ నవ్వి, అందరూ ఒకేసారి అవుటైపోయారు.

అది నేనే. నా గొంతు, నా సాగదీత, తల ఒక పక్కకు వాల్చే నా అలవాటు కూడా. నేను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాను. నా నలభై బొమ్మల్లో ముప్పై దాకా ఆ పావుగంటలో ఆ పిల్ల నోట వచ్చాయి. నా కార్డుల్లో లేనివి ఇంకా బోలెడు వచ్చాయి. నాకు పట్టరాని సంతోషం వేసింది. వెంటనే సిగ్గు కూడా వచ్చింది.

వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న ముసలామె నన్ను చూసింది. ఆ పిల్ల నాయనమ్మ.

"ఎవలమ్మా? గోడ కాడ నిలవడ్డవేంది? లోపలికి రా."

హెల్మెట్ తీశాను. ఆ పిల్ల నన్ను గుర్తుపట్టింది, దాన్ని చూసి మిగతా పిల్లలూ గుప్‌చుప్‌గా సర్దుకున్నారు. అట్టముక్క వీపు వెనక్కి వెళ్లిపోయింది. నేను ముసలామె పక్కన కూర్చుని సంగతంతా చెప్పాను. సున్నా వేసింది నేనేనని కూడా చెప్పాను. తిడుతుందనుకుంటే ఆమె నోటి నిండా నవ్వింది.

"గదా సంగతి! అయితే తప్పు నాదే బిడ్డా. నేనే నేర్పిన. కాయిదం, పెన్ను పట్టుకొని ఎవలొచ్చి ఏమడిగినా తెల్వదనాలె అని."

"ఎందుకవ్వా?"

"మా చిన్నోడు, గీ పిల్ల నాయిన, గప్పుడు ఆరేండ్లోడు. భూమి కొలిచేటోళ్లు వచ్చిన్రు. నేను బాయి కాడ ఉన్న. 'బాబూ, గా చింతచెట్టు ఎవలది?' అని అడిగిన్రట. వీడు 'మా పెదనాయినది' అన్నడు. పెదనాయిన రోజూ దాని కింద పండుతుండె, గందుకే ఆయనదనుకున్నడు పసోడు. గంతే, రాసుకొని పోయిన్రు. ఏం రాసిన్రో మాకు జూపెట్టిన్రా? లేదు. చెట్టు మాదని చెప్పనీకె ఎన్నేండ్లు తిరిగినమో! అన్నదమ్ములకు మాటల్లేకుండె. ఇంటిగుట్టు లంకకు చేటు అంటరు. గప్పటి సంది మా వాడకట్టు పిల్లలకు నడక నేర్పినట్టు గిది గూడ నేర్పుతం."

తల పట్టుకున్నాను. ఆ నలభై తెల్వదుల అర్థం ఏమిటో ఆ వాడకట్టులో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. "నిన్ను నమ్మను, నీ కాగితాన్ని అసలే నమ్మను" అని ఆ పిల్ల నాకు మర్యాదగా చెప్పింది. నేను దాన్ని మాటలు రాకపోవడం కింద రాశాను.

"అవ్వా, బడి తెరిచేలోపు ఇంకోసారి పరీక్ష పెట్టాలి. అక్కడ కాగితం ఉంటుంది, పెన్ను ఉంటుంది. పిల్ల మళ్లీ తెల్వదంటే నేను చెయ్యగలిగింది లేదు. మీ కోడలు పని మానేస్తానంటోంది. నాతో మాట్లాడమని పిల్లకు మీరు చెప్పాలి" అని బతిమాలాను.

ముసలామె లేచింది. లోపలికి వెళ్లి చాయ్ చేసి తెచ్చింది. పెద్ద స్టీలు గిలాస, నిండా. అల్లం ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి, చక్కెర పాకంలా ఉంది. నేను ఇంట్లో చక్కెర లేకుండా తాగుతాను. అయినా ఎత్తిన గిలాస దించలేదు. పిల్లలంతా నా గొంతు కదలడమే చూస్తున్నారు. ఖాళీ గిలాస కింద పెట్టాక ముసలామె చేతులు దులుపుకుని పిల్లల వైపు తిరిగింది.

"వినుండ్రి. గీమె మనూరామె కాదు. కొత్త ఊరి నీళ్లని ఎనకాడలే, మన చాయ్ తాగింది. గిలాసల చుక్క ఇడువలే."

అంతే. ఇంకేం చెప్పలేదు. మళ్లీ చింతపండు ముందు కూర్చుంది. నేను ఇంకా ఉపన్యాసం మొదలవుతుందని ఎదురుచూస్తున్నాను. ఇంతలో ఒక బుడత నా దగ్గరికి వచ్చి, "మా కోడి పేరు రాణి. నిన్న గుడ్డు పెట్టింది" అంది. ఇంకొకతి నా హెల్మెట్ నెత్తిన పెట్టుకుంది. అప్పుడు అర్థమైంది, నాకు అనుమతి వచ్చేసిందని. నా బతుకంతా ఉపన్యాసాలు విన్నాను గానీ అంత పొట్టిది, అంత నిండైనది ఇంకోటి వినలేదు. అయ్యో, రికార్డరు తేలేదే అని ఎంత ఏడ్చుకున్నానో!

కానీ ఎర్ర రిబ్బన్ల పిల్ల మాత్రం దగ్గరికి రాలేదు. గడప మీద నిలబడి నన్నే చూస్తూ ఉండిపోయింది.

మా పరిశోధన పెద్దసారుకు ఫోన్ చేశాను. ఆటలో వచ్చిన మాటలు లెక్కకు రావన్నారు. అవే బొమ్మలు, అదే పద్ధతి, బడి మనిషి ఎదురుగా ఒక్కసారి మాత్రం మళ్లీ పెట్టుకోమన్నారు. బడి తెరిచే ముందురోజు పెద్దమేడం గదిలో కూర్చున్నాం. ఒక పక్క పెద్దమేడం, తలుపు దగ్గర డ్యూటీ బట్టల్లో తల్లి. ఆ బట్టలకు నలుపుకోవడానికి కొంగు లేక, చేతులతో ఏం చెయ్యాలో తోచక, పక్కనున్న కిటికీ చువ్వ పట్టుకుంది. నా డాక్టరేటు మౌఖిక పరీక్ష రోజు కూడా నేను ఇంత పరేషాన్ కాలేదు.

కోడి బొమ్మ పెట్టాను. ఏమీ అడగలేదు, అడిగే ధైర్యం లేదు. పిల్ల బొమ్మను చూడలేదు, పెన్నునే చూసింది.

"రాసుకుంటవా?" అంది.

"రాసుకుంటాను."

"నాకు జూపెట్టి రాయి."

కాగితం పిల్లకు చూపకూడదన్నది మా నియమం. పెద్దమేడం గొంతు సవరించుకుని, "మేడం, గట్ల చూపియ్యొద్దు కదా?" అంది. నాకు చర్రున లేచింది. "ఆ నియమం రాసింది నేనే, కొట్టేసేదీ నేనే. మీరు కూర్చోండి!" అన్నాను. కుర్చీ లాక్కుని పిల్ల పక్కకు వచ్చి కూర్చుని, కాగితం ఇద్దరి మధ్యా పెట్టాను.

"కోడి" అంది పిల్ల. "రాసినవా?"

"రాశాను. ఇదిగో, ఇది కో, ఇది డి." చదవడం ఇంకా రాదు ఆ పిల్లకు. అయినా వేలు పెట్టి రెండు అక్షరాలనూ తడిమి చూసి, సరే అన్నట్టు తలూపింది. తర్వాత నిచ్చెన, తాళం, చీపిరి. ఒక్కోటి చెప్పడం, నేను రాయడం, తను వేలితో తడిమి ఒప్పుకోవడం. బావి బొమ్మ దగ్గర, "గీ బాయికి గిరక లేదు. గిరక లేదని గూడ రాయి" అంది. రాశాను. ముప్పై ఎనిమిదో బొమ్మ ఓడది. దాన్ని తిప్పి తిప్పి చూసి, "గిది నిజంగనే తెల్వది" అంది. తల్లి కిటికీ చువ్వ వదిలేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పెద్దసారుకు పంపిన నివేదికలో, మొదటిసారి సున్నా ఎందుకు వచ్చిందన్న చోట, "పరీక్ష పెట్టిన మనిషిని పిల్ల నమ్మలేదు" అని రాశాను. దాన్ని శాస్త్రీయంగా మార్చమన్నారు. మార్చనన్నాను. మొదటి పేజీలో నాకు అంతగా నచ్చిన ఆ వాక్యాన్ని మాత్రం వాళ్లు అడక్కముందే కొట్టేశాను.

బడి తెరిచిన రోజు నాకు అక్కడ పనేం లేదు, ఊరికే వెళ్లాను. పిల్ల కొత్త సంచీ వీపున వేసుకుని ఒకటో తరగతి వరసలో నిలబడి, ముందున్న పిల్లకూ వెనకున్న పిల్లకూ ఒకేసారి ఏదో చెబుతోంది. గేటు బయట విమానాశ్రయం పనివాళ్ల బస్సు హారన్ కొట్టింది. తల్లి పరుగున బస్సు మెట్టు ఎక్కి, వెనక్కి తిరిగి, "డ్యూటీకి పోయొస్త మేడం!" అని గట్టిగా అరిచింది. నేను చెయ్యి ఊపాను. బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాను. కళ్లు తుడుచుకునే పని తర్వాత పెట్టుకున్నాను.